పొట్టేలు పిల్లల దాణాలో వాము నూనె, లవంగ నూనె: మోతాదెంత, ఎలా కలపాలి?

ప్రశ్న

40 పొట్టేలు పిల్లలు, సగటు బరువు 20 కిలోలు. 90 రోజులు మేపి అమ్మాలి. ఒక్కో పిల్లకి రోజుకి అర కిలో దాణా, పైన ఎండుమేత. అంతా కలిపి పొడి పదార్థం (తేమ తీసేసిన మేత బరువు) లెక్కన ఒక్కోటీ రోజుకి 900 గ్రాముల దాకా తింటాయి. వాము నూనె నేరుగా దాణా మీద చల్లితే వాసన చూసి పక్కకి వెళ్లిపోతున్నాయి. ఏ నూనె, ఎంత, ఎలా కలపాలి? బరువు నిజంగా పెరుగుతుందా?

జవాబు 1

ముందు లెక్క సరిచూసుకోండి. పరిశోధనల్లో సాధారణంగా కనిపించే మోతాదు కిలో పొడి పదార్థానికి 200 మి.గ్రా. అది మొత్తం మేతకి చెప్పిన లెక్క, దాణాకి మాత్రమే కాదు. పిల్ల 900 గ్రాములు తింటే రోజుకి 180 మి.గ్రా. అందాలి. అది అర కిలో దాణాలోనే వెళ్లాలి కాబట్టి 100 కిలోల దాణాకి 36 గ్రాముల నూనె. 25 శాతం నూనె ఉన్న పొడి రకం కొంటే 144 గ్రాములు. మొదటి వారం ఇందులో సగమే వెయ్యండి.

మిల్లీలీటర్లలో కొలవకండి, తూకం వెయ్యండి. వాము నూనె నీటికన్నా తేలిక, లవంగ నూనె బరువు. చలికి వాము నూనెలోని ఘాటు పదార్థం థైమాల్ గడ్డకట్టి సీసా అడుగున స్ఫటికాలుగా దిగుతుంది. అలాగే పైనుంచి వంపితే మొదట పలచన, చివర్లో ఘాటు. సీసాని గోరువెచ్చని నీళ్లలో పెట్టి, అంతా కరిగాక ఊపి తూచండి.

36 గ్రాముల నూనెని 100 గ్రాముల సిలికా పొడిలో ఇంకించండి. దాన్ని 2 కిలోల మెత్తటి తౌడులో, ఆ తౌడుని 10 కిలోల దాణాలో, చివరికి మొత్తం దాణాలో కలపండి. ఒకేసారి 100 కిలోల్లో పోస్తే ఒక చోట ముద్ద, ఇంకో చోట శూన్యం. ఆ ముద్ద తగిలిన పిల్లే తొట్టి వదిలేస్తుంది. 2 కిలోల బెల్లపు మడ్డి కలిపితే ఘాటు కొంత అణుగుతుంది. చేతికి తొడుగులు తప్పనిసరి, ఈ నూనెలు చర్మాన్ని మండిస్తాయి. వారానికి సరిపడానే కలిపి, మూత బిగించి నీడలో ఉంచండి. గుళికల దాణా అయితే మిషన్‌లోని వేడికి నూనె ఎగిరిపోతుంది, పూత వేసిన రకమే వాడాలి.

జవాబు 2

బరువు సంగతి చెప్తాను. థైమాల్, లవంగంలోని యూజినాల్, దాల్చినచెక్కలోని సినమాల్డిహైడ్ బ్యాక్టీరియా పైపొరని దెబ్బతీస్తాయి. పొట్టలో మాంసకృత్తుల్ని అమోనియాగా విరిచేసే కొన్ని బ్యాక్టీరియా తగ్గితే ఆ మాంసకృత్తులు పిల్లకి దక్కుతాయన్నది ఆశ. 2006 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ వాడటాన్ని నిషేధించాక వీటి మీద ఆసక్తి బాగా పెరిగింది. ప్రయోగశాల గాజు పాత్రల్లో ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది. గొర్రె పిల్లల్లో మాత్రం ఒక్క తీరుగా లేదు: కొన్నిచోట్ల బరువు పెరిగింది, చాలాచోట్ల తేడా లేదు. కొన్ని వారాల్లో పొట్టలోని సూక్ష్మజీవులు నూనెకి అలవాటు పడటం ఒక కారణం. మోతాదు పెంచితే పీచుని అరిగించే బ్యాక్టీరియా కూడా దెబ్బతింటాయి, ఎండుమేత అరగదు, తిండి తగ్గుతుంది. గింజలు ఎక్కువున్న మేతలో, పొట్ట కాస్త పులుపెక్కినప్పుడు కొన్ని నూనెలు బాగా పనిచేస్తాయి. మీ మేతలో సగం ఎండుమేతే కాబట్టి పెద్ద తేడా ఆశించకండి.

నా మాటగా చెప్పాలంటే, ఆ డబ్బు ముందు నట్టల మందుకీ, చిటుకు రోగం టీకాకీ, మంచి ఖనిజ మిశ్రమానికీ పెట్టండి. ఖనిజ మిశ్రమం గొర్రెలకని తయారైనదే కొనండి. పశువుల మిశ్రమంలో రాగి ఎక్కువ, గొర్రె కాలేయంలో పేరుకుని చంపేస్తుంది. పొట్టేళ్లకి గింజలు పెంచితే మూత్రంలో రాళ్లు కడతాయి. కాల్షియం ఫాస్ఫరస్‌కి రెట్టింపు ఉండేలా చూడండి, 100 కిలోల దాణాకి 500 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ కలపండి.

అడిగినవారు

దాణా మానేసి తాగేనీళ్లలో కలిపితే?

జవాబు 1

వద్దండి. నూనె నీళ్లలో కలవదు. తేలిన నూనె నోటికి తగిలి మండితే నీళ్లు తాగడం తగ్గిస్తాయి. నీళ్లు తగ్గితే తిండీ తగ్గుతుంది, రాళ్ల ముప్పూ పెరుగుతుంది.

జవాబు 3

40 పిల్లలున్నాయి కాబట్టి పరీక్ష చేసి చూసుకోవచ్చు. బరువుల వారీగా జతలు కట్టి, జతలో ఒకటి ఇటు, ఒకటి అటు వేసి 20 చొప్పున రెండు దొడ్లు చెయ్యండి. రెండింటికీ ఒకే దాణా, ఒకదానికే నూనె. మోనెన్సిన్ (పొట్టలోని సూక్ష్మజీవుల మీద పనిచేసే దాణా మందు) లాంటిది అప్పుడే మొదలుపెట్టకండి, ఏది పనిచేసిందో తేలదు. వరుసగా రెండు పొద్దులు మేతకి ముందు తూచి సగటు రాసుకోండి. కడుపులో మేత, నీళ్లే కిలో పైన తేడా చూపిస్తాయి. ప్రతి రెండు వారాలకీ అలాగే తూచండి. తొట్టిలో మిగిలిన దాణాని రోజూ తూచడం అంతకన్నా ముఖ్యం. నూనె దొడ్లో రెండ్రోజులు వరసగా ఎక్కువ మిగిలితే మోతాదు సగానికి దించండి, అప్పటికీ తినకపోతే ఆపెయ్యండి.