ఇటలీ స్వరకర్త అల్లెగ్రి కట్టిన బృందగానం ‘మిజెరెరే’లో పై ‘సీ’ స్వరం ఉండాలా, వద్దా?

సోప్రానో_కాకినాడ:
గుడ్ ఫ్రైడే వారంలో పాడే సంగీతంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ ‘మిజెరెరే’నే. బైబిల్లో 51వ కీర్తన, 1630ల్లో వాటికన్‌లోని సిస్టైన్ చాపెల్ కోసం కట్టింది. ఐదుగురి జట్టు ఒకటి, నలుగురి జట్టు ఒకటి పాడతాయి. నలుగురి జట్టు వంతు వచ్చినప్పుడల్లా పై సోప్రానో (అన్నిటికన్నా పై గొంతు) ‘జీ’ స్వరం నుంచి ‘సీ’కి ఎగురుతుంది. అది తీసేస్తే ఇక మిగిలేదేమిటి?

బాస్_గొంతు:
ఆ ‘సీ’ అల్లెగ్రిది కాదండీ. 1831లో జర్మన్ స్వరకర్త మెండెల్సన్ విని రాసుకున్న ముక్క శ్రుతి ఎక్కువలో ఉంది. 1880 నాటి గ్రోవ్ సంగీత నిఘంటువులో అది మామూలు శ్రుతి ముక్కకి అతుక్కుంది. 1951లో ఐవర్ ఆట్కిన్స్ అచ్చువేయించిన ప్రతి, 1963లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజ్ గాయకుల రికార్డు దాన్నే ఖాయం చేశాయి. అతుకు ఎక్కడుందో బాస్ (అన్నిటికన్నా కింది గొంతు) పాడేవాళ్లకి తెలుస్తుంది: ‘ఎఫ్ షార్ప్’ నుంచి ‘సీ’కి దూకాలి. ఆ కాలపు రోమ్‌లో బాస్ అలా నడవదు.

తాలిస్_అభిమాని:
ఇష్టమైనదంటే నా ఓటు తాలిస్ కట్టిన బృందగానం ‘స్పెమ్ ఇన్ ఏలియమ్’కి. 8 జట్లు, జట్టుకి 5 గొంతులు.

సోప్రానో_కాకినాడ:
అల్లెగ్రి కాగితం మీద పెట్టింది ఎముకల గూడు. గమకాలు చాపెల్ గాయకులే వేసుకునేవారు. మరి అసలు రూపమంటే ఏది? ‘సీ’ చెడేది పాడే తీరువల్ల. ఊపిరి మాట మొదట్లోనే తీసుకోవాలి, ‘సీ’కి ముందు కాదు. ‘ఈ’ మీద నొక్కితే గొంతు బిగుస్తుంది, నోరు ‘ఆ’ వైపు తెరవాలి. నలుగురి జట్టుని 34 మీటర్ల దూరంలో బాల్కనీ మీద నిలబెడితే శబ్దం సెకనులో పదోవంతు ఆలస్యంగా చేరుతుంది. చెవిని నమ్మితే వెనకబడతారు, కండక్టర్ చెయ్యి చూసి పాడాలి.

ఆల్టో2:
రిహార్సల్ అంతా ఆ ఒక్క స్వరానికే పోతుంది. చివరి వచనంలో రెండు జట్లూ కలిసి 9 గొంతులవుతాయి, దాన్ని రెండుసార్లు కూడా పాడించరు.

బాస్_గొంతు:
అదే నేననేది! వచనం విడిచి వచనం చాంట్ (అందరూ ఒకే వరసలో చదివినట్టు పాడేది) ఉంది. దాని గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. శ్రుతి జారేది అక్కడే. చాంట్‌లో పావు స్వరం దిగితే తర్వాతి జట్టు తప్పు శ్రుతిలో ఎత్తుకుంటుంది. 1880 సంగతి వదిలేయండి. పశ్చాత్తాప కీర్తనని ‘సీ’ ఎప్పుడొస్తుందా అని కాచుకునేలా చేశారు, నా బాధ అది.

సోప్రానో_కాకినాడ:
కూర్చున్నవాళ్లందరి తరఫునా ఒక గొంతు పైకి వెళ్తుంది. నాకు ప్రార్థన అదే. మీకు మాటలే ప్రార్థన. ఇక్కడ మనం కలవం.

ఆల్టో2:
సరే, ‘జీ మైనర్’ శ్రుతిలోనే పాడదామా, అర స్వరం దించి పాడదామా? దించితే ‘సీ’ బదులు ‘బీ’ వస్తుంది, బాస్‌లకి అడుగు స్వరాలు ఇంకా కిందికి పోతాయి. బాస్_గొంతు గారూ, మీవాళ్లు అందుకోగలరా?