వైఫైలో ‘ప్రొఫైల్’ను ఏమందాం: ఆనవాలా, కైఫియత్తా?

పోయిన ఆదివారం కడపలో మా ఇంట్లో కొత్త రౌటర్ పెట్టించాం. నెట్ వేసే అబ్బాయి వైఫైకి పాత పేరే ఉంచి, పాస్‌వర్డ్ మాత్రం మార్చి పోయాడు. అమ్మ ల్యాప్‌టాప్ ఆ పేరును చూస్తుంది, కలవబోతుంది, కాసేపు తిరుగుతుంది, కనెక్ట్ కాలేదంటుంది. పాత పాస్‌వర్డును అది దాచుకుని ఉంది. పేరు అదే కాబట్టి పాత ఇల్లే అనుకుని పాత తాళంచెవే తిప్పుతోంది. దాచుకున్నది తీసేసి మళ్లీ కొత్తగా కలిపితే సరిపోతుంది. జాబితాలో మా ఇంటి పేరు మీద కుడి బటన్ నొక్కాను. ‘ఫర్గెట్’ అని వచ్చింది. వెనక నిలబడి చూస్తున్న అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగబ్బీ! మర్చిపో అంటాండాది. మనింటి నెట్టే పోతాదేమో!"

అమ్మ ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన టీచరు. ఆ ఇంగ్లీషు మాట ఆమెకు తెలియక కాదు. తెలుగులో మర్చిపోవడం మనకు జరిగేది, పనిపెట్టుకుని చేసేది కాదు. ‘మర్చిపో’ అని ఎవరితోనైనా అంటామంటే వాళ్లు బాధలో ఉన్నప్పుడే. అందులోనూ మా వైపు గుర్తు లేకపోతే ‘మతికి లేదు’ అంటాం. కంప్యూటరుకు మతి పోతుందంటే ఎవరికైనా టెన్షనే. "నెట్టు పోదమ్మా, అది దాచుకున్న ప్రొఫైల్ ఒకటే పోతుంది" అన్నాను.

"ప్రొఫైల్ అంటే వాట్సాప్‌లో పెట్టే ఫోటో గదా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసమే ఈ పోస్టు.

ముందు ఆ వస్తువేమిటో చూద్దాం. మనం ఒక వైఫైకి మొదటిసారి కలిసినప్పుడు విండోస్ దాని గురించి ఒక చిన్న ఫైలు రాసి పెట్టుకుంటుంది. నెట్‌వర్క్ పేరు, భద్రత ఏ రకం (డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 లాంటివి), పాస్‌వర్డ్, ఆ పేరు కనబడగానే తనంతట తాను కలవాలా లేక మనం చెబితేనే కలవాలా అన్న సంగతి అందులో ఉంటాయి. ఒక్కో నెట్‌వర్కుకు ఒక్కో ఫైలు. ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ, అదే కమాండ్ ప్రాంప్ట్, తెరిచి ‘నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ప్రొఫైల్స్’ అని ఇంగ్లీషులో కొడితే అన్నీ వరసగా కనబడతాయి. అమ్మ ల్యాప్‌టాప్‌లో పదకొండు వచ్చాయి. తిరుపతిలో దిగిన లాడ్జి, కర్నూలులో పిన్నమ్మ వాళ్లిల్లు, నా ఫోన్ హాట్‌స్పాట్, ఒక కల్యాణమండపం. ఒక్కో పేరు దగ్గర ఆగి అది ఎప్పటిదో అమ్మే చెప్పింది.

మాట పుట్టుక వెతికితే ‘ప్రొఫైల్’ ఇటాలియన్ ‘ప్రొఫిలో’ దగ్గర తేలింది. ఆకారం అంచు వెంబడి గీసిన గీత అని అర్థం. దాని వేరు లాటిన్ ‘ఫిలుం’, అంటే దారం. కాగితాలను దారానికి గుచ్చి ఉంచేవాళ్లు కాబట్టి ‘ఫైలు’ కూడా అక్కడినుంచే పుట్టింది. తీగ లేని నెట్‌వర్కుకు దారం పేరు అమరింది చూడండి. చరిత్ర ముచ్చటగా ఉంది గానీ మన పనికి ఉపయోగపడదు. ‘రూపురేఖలు’ అని తెనిగిస్తే అమ్మ మళ్లీ ఫోటో దగ్గరికే పోతుంది.

నాకు తోచిన మాట ‘ఆనవాలు’. కంప్యూటర్ ఒక వైఫైని మళ్లీ చూసినప్పుడు చేసేది ఆనవాలు పట్టడమే కదా. ఈ మాట ఒంటరిగా రాదు, తన క్రియలన్నీ వెంటబెట్టుకుని వస్తుంది. తనంతట తాను కలిసింది, ఆనవాలు పట్టింది. పాస్‌వర్డ్ అడిగింది, ఆనవాలు చూపమంటోంది. ఇక మా అమ్మను భయపెట్టిన ‘ఫర్గెట్’, ‘ఆనవాలు చెరుపు’. ఊళ్లు, కోటలు, గట్లు పోయినప్పుడు ‘ఆనవాళ్లు కూడా లేకుండా చెరిపేశారు’ అంటూనే ఉంటాం. చెరిగేది ఆనవాలు, ఇల్లు ఇంటిదగ్గరే ఉంటుంది. ఇది చెప్పగానే అమ్మ నా చెయ్యి వదిలింది.

అంతటితో అయిపోలేదు. కొత్తగా కలిశాక, లోపలి గదిలో ఉన్న పాత కంప్యూటరుకు అమ్మ ల్యాప్‌టాప్‌లోని ఫోల్డర్ కనబడటం మానేసింది. సెట్టింగుల్లోకి పోతే అక్కడ ఇంకో ప్రొఫైల్! ‘నెట్‌వర్క్ ప్రొఫైల్ టైప్’ అట. ‘పబ్లిక్’, ‘ప్రైవేట్’ అని రెండు గుండ్రాలు. మొదటిది ఆనవాలు, ఇది వేరే సంగతి, రెంటికీ ఒకే పేరు పెట్టారు. కొత్త నెట్‌వర్కును విండోస్ మామూలుగా పబ్లిక్ కిందే లెక్కేస్తుంది.

అమ్మకు ప్రైవేటు అంటే సాయంత్రం పిల్లలకు చెప్పే ట్యూషను. పబ్లిక్ అంటే పదో తరగతి పరీక్షలు. అది పక్కన పెట్టినా, ఈ మాటలు అర్థాన్ని తలకిందులు చేస్తాయి. ‘పబ్లిక్’ నొక్కితే మన కంప్యూటర్ అందరికీ తెరిచినట్టు అని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. పబ్లిక్ అంటే ‘నేను నలుగురూ తిరిగే చోట ఉన్నాను’ అని చెప్పడం. అప్పుడు కంప్యూటర్ తలుపు వేసుకుని, చుట్టుపక్కల యంత్రాలకు కనబడకుండా ఉంటుంది. ప్రైవేట్ అంటే ‘నా వాళ్ల మధ్య ఉన్నాను’ అని. అప్పుడు ఇంట్లో ఉన్న కంప్యూటర్లకు కనబడుతుంది, ఫైళ్లు, ప్రింటర్లు పంచుకోనిస్తుంది. ఆ మాటలు చెప్పేది చోటు గురించి. మనం చదువుకునేది కంప్యూటర్ గురించి.

చోటు గురించి మనకు సిద్ధంగా ఒక జంట ఉంది. ఇంట గెలిచి రచ్చ గెలువు అంటాం. ఇల్లు, రచ్చ. విండోస్ విస్టా, సెవెన్ రోజుల్లో ‘హోం, వర్క్, పబ్లిక్’ అని అడిగేది గుర్తుందా? అప్పుడైనా ‘హోం’ అన్నారు. ‘ఇప్పుడు ఎక్కడున్నావు, ఇంట్లోనా రచ్చలోనా?’ అని అడిగితే జవాబు చెప్పడానికి ఎవరికీ కంప్యూటర్ చదువు అక్కర్లేదు.

మీరేమంటారు? ముఖ్యంగా ఆనవాలు కన్నా మంచి మాట మీ ఊళ్లో ఉంటే చెప్పండి.

వ్యాఖ్య, కడప నుంచి:
అన్నా, కడపలో ఉండి కైఫియత్తును మర్చిపోతే ఎట్ల? కంపెనీ కాలంలో సర్వేలు చేసిన మెకంజీ దొర మనుషులు ఊరూరూ తిరిగి కరణాల చేత రాయించిన లెక్క అది. ఊరి పేరు ఎట్లా వచ్చింది, ఎవరు కట్టించారు, గుళ్లేవి, ఇనాములేవి, పొలిమేర ఎంతవరకు అన్నీ ఉంటాయి. తర్వాత బ్రౌన్ దొర వాటికి నకళ్లు రాయించబట్టి మనకు మిగిలినాయి. అరబ్బీలో ‘కైఫ’ అంటే ‘ఎట్లా’ అని. ఒక ఊరికి ఒక కైఫియత్తు, ఒక నెట్‌వర్కుకు ఒక ప్రొఫైల్. మన జిల్లా మాట ఇంతకన్నా ఏది అతుకుతుంది?

నా జవాబు:
తమ్ముడూ, ఈ మాట నాకు తట్టనందుకు నిజంగా బాధగా ఉంది. బ్రౌన్ గ్రంథాలయం మెట్లు చిన్నప్పటినుంచి ఎక్కినవాణ్ణి. అయినా ప్రొఫైలుకు వద్దంటాను. కైఫియత్తు చదివేది మనిషి, తీరిగ్గా కూర్చుని. ప్రొఫైలును వాడేది యంత్రం, పేరు కనబడిన క్షణంలో. ‘కైఫియత్తు పట్టింది’, ‘కైఫియత్తు చెరుపు’ అనలేం, క్రియలు కుదరవు. కానీ దానికి సరిగ్గా సరిపోయే చోటు ఆ పక్కనే ఉంది. కలిసిన నెట్‌వర్క్ మీద నొక్కితే ‘ప్రాపర్టీస్’ అని ఒక పేజీ వస్తుంది కదా. పేరు, భద్రత రకం, 2.4 గిగాహెర్ట్జా 5 గిగాహెర్ట్జా, ఛానెల్ ఎంత, వేగం ఎంత, ఐపీ చిరునామా ఏది, అన్నీ వరసగా. దాన్ని ‘లక్షణాలు’ అంటే జబ్బు గుర్తొస్తుంది, ‘ఆస్తులు’ అంటే పాస్‌పుస్తకం గుర్తొస్తుంది. అది అచ్చంగా కైఫియత్తు. ఇకనుంచి మా ఇంట్లో దాని పేరు అదే.

వ్యాఖ్య, అనంతపురం నుంచి:
నేను కాలేజీలో నెట్‌వర్క్స్ చెబుతాను. ఆనవాలు అన్నందుకు సంతోషం, మీరు చెప్పినదానికన్నా లోతుగా అతుకుతుంది. డబ్ల్యూపీఏ2లో పాస్‌వర్డ్ గాలిలో పోదు. తనకు తెలుసని కంప్యూటర్ రౌటరుకు రుజువు చూపుతుంది, తనకూ తెలుసని రౌటర్ కంప్యూటరుకు రుజువు చూపుతుంది. నాలుగు సందేశాల్లో పని అయిపోతుంది. హనుమంతుడు ఉంగరం చూపితే సీతమ్మ చూడామణి ఇచ్చి పంపినట్టు, ఆనవాలు రెండు వైపులా ఉండాలి. క్లాసులో ఇట్లే చెబితే పిల్లలు ఒక్కసారికే పట్టుకున్నారు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పాస్‌వర్డ్ లేని వైఫైకి ఆనవాలు పేరు ఒక్కటే. లాడ్జి పేరుతోనే ఇంకెవరైనా ఒక రౌటర్ పెడితే మీ అమ్మగారి ల్యాప్‌టాప్ దాన్ని కూడా ఆనవాలు పట్టి తనంతట తాను కలుస్తుంది. అటువంటివి చెరిపేయండి, లేదా ఆటోమేటిక్ టిక్కు అయినా తీసేయండి.

ఇంకోటి. మీ ఇంటికొచ్చిన అబ్బాయి వైఫై పేరుతో పాటు పాస్‌వర్డూ భద్రత రకమూ పాతవే ఉంచి ఉంటే, రౌటర్ మారిన సంగతి కూడా తెలియకుండా ల్యాప్‌టాప్ కలిసిపోయేది. లేదంటే పేరూ పాస్‌వర్డూ రెండూ కొత్తవి పెట్టాలి. సగం మార్చడమే తంటా.

వ్యాఖ్య, కర్నూలు నుంచి:
మాది కర్నూలు. మా ఇంటి వైఫైకి తెలుగులో పేరు పెడదామని ‘కొండారెడ్డి బురుజు’ అని కొట్టినా. తీసుకోలేదు. ‘బురుజు’ తీసేసి ‘కొండారెడ్డి’ ఒక్కటే పెట్టినా. అప్పుడూ తీసుకోలేదు. తెలుగు పేర్లు చెల్లవా ఏంది?

నా జవాబు:
చెల్లుతాయన్నా. వైఫై పేరుకు 32 బైట్లు హద్దు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు, అందులోనూ గుడి, కొమ్ము, సున్నా, పొల్లు అన్నీ విడివిడి గుర్తులే. అంటే పది గుర్తులకు మించి పట్టవు. ‘కొండారెడ్డి’ విడదీసి చూడండి: క, ఒత్వం, సున్నా, డ, దీర్ఘం, ర, ఎత్వం, డ, పొల్లు, డ, గుడి. పదకొండు. 33 బైట్లు. ఒక్క బైటు దగ్గర ఆగిపోయింది. ‘కందనవోలు’ పెట్టండి, ఎనిమిది గుర్తులు, 24 బైట్లు, మీ ఊరి పాత పేరే. కొన్ని రౌటర్ల పేజీలు ఇంగ్లీషు తప్ప ఇంకేదీ తీసుకోవు, అది రౌటర్ లోపం. పాస్‌వర్డ్ మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తుల్లోనే ఉండాలి, 8 నుంచి 63 వరకు.

వ్యాఖ్య, ప్రొద్దుటూరు నుంచి:
ఇల్లు సరే. రచ్చ ఒప్పుకోలేను. ఇప్పటి పిల్లలకు రచ్చ అంటే గొడవ. స్క్రీన్ మీద ‘రచ్చ’ అని కనబడితే ఎవరు నొక్కుతారు?

నా జవాబు:
అక్కా, మీరన్నది నిజమే. కానీ గొడవ అన్న అర్థం ఎట్లా వచ్చిందో చూడండి. సంస్కృతం ‘రథ్య’, అంటే వీధి, ప్రాకృతంలో ‘రచ్ఛా’ అయి మనకు రచ్చగా దిగింది. నలుగురూ కూర్చునే చోటు రచ్చకట్ట. ఇంట్లో తేలని తగవు అక్కడికి చేరితే ‘రచ్చకెక్కింది’ అన్నాం. రానురాను చోటు పేరే తగవు పేరైంది. ఒంటరిగా వాడితే మీరన్నట్టే గొడవగా వినబడుతుంది. పక్కన ‘ఇల్లు’ పెట్టి చూడండి, సామెత దానంతట అదే నోటికొస్తుంది, అర్థం చోటుకు తిరిగి వస్తుంది. జంటగా తప్ప వాడొద్దన్న షరతుకు నేను సిద్ధం.

నా చివరి వ్యాఖ్య:
మీ మాటలన్నీ అమ్మకు చదివి వినిపించాను. కైఫియత్తు దగ్గర రెండుసార్లు ఆపింది. తర్వాత ల్యాప్‌టాప్ పక్కనుండే డైరీలో తన చేతిరాతతో నాలుగు మాటలు రాసుకుంది: ఆనవాలు, ఆనవాలు చెరుపు, కైఫియత్తు, ఇల్లు/రచ్చ. మా ఇంటి నెట్‌వర్కును తనే ‘ఇల్లు’ చేసింది, లోపలి గదిలో ఫోల్డర్ కనబడింది. తిరుపతి లాడ్జి ఆనవాలు తనే చెరిపింది, ఈసారి చెయ్యి వణకలేదు. కల్యాణమండపం దగ్గర ఆగింది. దానికీ పాస్‌వర్డ్ లేదు, చెరపమన్నాను.

"మీ పిన్నమ్మ కూతురి పెండ్లప్పటిది అబ్బీ. ఆ టిక్కు తీసెయ్, అది ఉండనీ" అంది. టిక్కు తీసేశాను.