శ్మశానం సూపర్‌వైజరుకు పోలీసు అధికారం ఉంటుందా? (కాలిఫోర్నియా)

ప్రశ్న:
అందరికీ నమస్తే. మా బావమరిది కాలిఫోర్నియాలో ఒక ప్రైవేటు శ్మశానవాటికలో సూపర్‌వైజరుగా చేరాడు. రాత్రిళ్ళు కుర్రాళ్ళు గోడ దూకి సమాధిరాళ్ళు పగలగొడుతున్నారట. "చట్టప్రకారం నీకు పోలీసు అధికారం ఉంది, పట్టుకుని కూర్చోబెట్టు" అంటున్నాడు మేనేజరు. నిజమేనా? రేపు వాడే కేసులో ఇరుక్కుంటాడేమోనని మా ఆవిడ దిగులు పడుతోంది.

జవాబు:
మేనేజరు సగమే చెప్పాడన్నా. అక్కడి హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్ 8325వ సెక్షన్ ప్రకారం శ్మశానం బాధ్యత చూసేవారికి, యాజమాన్యం నియమించినవారికి ఆ ఆవరణలోను, దాన్ని కాపాడడానికి అవసరమైనంత చుట్టుపక్కల మేరలోను పోలీసు అధికారి అధికారం ఉంది. కానీ పీనల్ కోడ్ 830.7 ఇలా నియమితులైనవాళ్ళు పీస్ ఆఫీసర్లు (అంటే పూర్తి పోలీసు హోదా ఉన్నవాళ్ళు) కారని తేల్చేసింది. డ్యూటీలో, ఉద్యోగ పరిధిలో మాత్రం 836వ సెక్షన్ ప్రకారం అరెస్టు చేయవచ్చు. అదీ అరెస్టు అధికారాలను ఎలా వాడాలో నేర్పే 832వ సెక్షన్ శిక్షణ పూర్తి చేసి ఉంటేనే.

ఆ శిక్షణ లేకపోతే 837వ సెక్షన్ కింద మామూలు పౌరుడికి ఉన్న హక్కే మీవాడికీ ఉందనుకుని నడుచుకోవాలి. తేడా చిన్నది కాదు. కళ్ళముందు రాయి పగలగొడుతుంటే ఎవరైనా పట్టుకోవచ్చు, వెంటనే పోలీసులకు అప్పగించాలి. అదే, ఘోరమైన నేరం (ఫెలొనీ) జరిగిందని బలమైన అనుమానంతో పట్టుకున్నారనుకోండి. శిక్షణ ఉన్నవాడికి ఆ అనుమానానికి తగిన కారణం చాలు. పౌరుడికైతే నేరం నిజంగా జరిగి ఉండాలి, లేకపోతే అక్రమ నిర్బంధమని ఎదురు దావా పడుతుంది.

కాబట్టి ఎవరి మీదా చెయ్యి వేయకముందే నియామకపత్రం రాతపూర్వకంగా అడగమనండి. శిక్షణకు యాజమాన్యమే పంపాలని పట్టుబట్టమనండి. అంతవరకూ ఫోటో తీయడం, 911కి ఫోన్ చేయడం చాలు.

మళ్ళీ ప్రశ్న:
చాలా ఊరట, తమ్ముడూ. తుపాకి పెట్టుకోవచ్చా? వేళ దాటాక కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళను కూడా ఆపమంటున్నారు.

జవాబు:
830.7 ఇచ్చేది అరెస్టు అధికారమే. దాన్ని చూపించి తుపాకి పెట్టుకోవడం కుదరదు, దానికి వేరే అనుమతులు కావాలి. కొవ్వొత్తుల సంగతి నాకు మనసుకు దగ్గరిది. నవంబర్ 2న మన క్రైస్తవ కుటుంబాలు సమాధుల దగ్గర దీపాలు పెడతాయి కదా. అది శ్మశానం నియమాన్ని దాటడమే అయినా, అరెస్టు చేసేంత నేరం కాదు. ముందు నెమ్మదిగా చెప్పాలి, వెళ్ళమనాలి. మొండికేసి కదలకపోతే పోలీసులను పిలవాలి.

ఇంకొకరు:
మరి మన కాటికాపరులకో?

జవాబు:
ఏ పోలీసు అధికారమూ లేదు. శ్మశానంలోకి చొరబడి అవమానించడం భారతీయ న్యాయ సంహిత 301 కింద నేరం, ఏడాది వరకు జైలు. కానీ అది బెయిలు దొరికే నేరం. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ మామూలు మనిషిని అరెస్టు చేయనిచ్చేది తన ఎదుట జరిగిన, బెయిలు దొరకని కాగ్నిజబుల్ (వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల) నేరాలకూ, కోర్టు ప్రకటించిన నేరస్తులకూ మాత్రమే. అందుకని కాటికాపరి 112కి ఫోన్ చేయడమే మేలు.