అప్‌డేట్: మనసు ప్రశాంతంగానే ఉన్నా గుండెదడ

టెన్షన్ ఏమీ లేకుండానే గుండెదడ, వేళ్లలో తిమ్మిర్లు వస్తున్నాయి, ఎందుకని ఇదివరకు ఇక్కడ అడిగాను కదా. అమలాపురంలో డాక్టరుగారికి చూపించుకున్నాను. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ నార్మల్. యాంగ్జైటీయే (ఆందోళన) అన్నారు. "నాకు భయమేం లేదండీ" అంటే, మనసుకు తెలియకపోయినా ఒంట్లో అడ్రినలిన్ అనే కంగారు హార్మోను తన పని తాను చేసేస్తుందన్నారు. తిమ్మిర్ల సంగతి మాత్రం నాకు కొత్త. మనకు తెలియకుండానే గబగబా ఊపిరి తీస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుందట, అందుకే వేళ్లు, మూతి చుట్టూ జివ్వుమంటాయట. ఇప్పుడు ఊపిరి నెమ్మదిగా వదలడం సాధన చేస్తున్నాను. కాఫీ తగ్గించమన్నారు, కోనసీమలో చుట్టాలింటికెళ్తే అదెలా కుదురుతుందో ఆయనే చెప్పాలి! దడ పూర్తిగా పోలేదు గానీ, వచ్చినప్పుడల్లా నాడి పట్టుకుని చూసుకోవడం మానేశాను. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు చెప్పినవారికి థాంక్సండీ, ఫోన్ చేస్తే తెలుగులోనే ఓపిగ్గా మాట్లాడారు.