దీర్ఘకాలిక సైనస్ వాపుకు మొదట చేయవలసిన వైద్యం ఏమిటి?

ప్రశ్న (హన్మకొండ):
మా నాన్నగారు ఎనుమాముల మార్కెట్లో పత్తి కాంటాల దగ్గర పని చేస్తారు. నాలుగు నెలలుగా ముక్కు దిబ్బడ తగ్గడం లేదు, చిక్కటి చీమిడి గొంతులోకి దిగుతోంది, చారు పోపు వాసన కూడా తెలియడం లేదంటున్నారు. యాంటీబయాటిక్స్ రెండుసార్లు వాడినా ఫలితం లేదు. రాత్రి నిద్ర కోసం మందుల షాపులో కొన్న, ముక్కు దిబ్బడ తగ్గించే ఆక్సీమెటజోలిన్ చుక్కలు రోజూ వేసుకుంటున్నారు. ఇక ఆపరేషనే మార్గమా?

జవాబు (ఈఎన్‌టీ వైద్యుడు, కరీంనగర్):
ఆపరేషన్ మాట ఇప్పుడే వద్దు. ఇలాంటి లక్షణాలు 12 వారాలు దాటితే దీర్ఘకాలిక సైనస్ వాపుగా అనుమానిస్తాం. ఎండోస్కోపుతో (కెమెరా ఉన్న సన్నని గొట్టం) ముక్కు లోపల చూసి, కండ పెరిగిందో లేదో తేల్చుకుంటాం. ఇది చాలామందిలో సూక్ష్మక్రిముల కంటే లోపలి పొర వాపుకు సంబంధించిన జబ్బు కాబట్టి, యాంటీబయాటిక్ కోర్సులు మార్చి మార్చి వాడినందువల్ల ఒరిగేది తక్కువ. మొదటి వైద్యం రెండే: రోజూ ఉప్పునీటితో ముక్కు కడగడం, ఆ తరువాత ఫ్లూటికాసోన్ లేదా మోమెటాసోన్ వంటి స్టెరాయిడ్ స్ప్రే. స్టెరాయిడ్ అనగానే భయపడతారు గానీ, స్ప్రే మందు రక్తంలోకి చేరేది అతి స్వల్పం. రెండు రోజుల్లో గుణం కనిపించలేదని మానేయకుండా 8 నుండి 12 వారాలు వాడిన తరువాతే సీటీ స్కాన్ సంగతి ఆలోచిస్తాం. ఆ ఆక్సీమెటజోలిన్ చుక్కలను మాత్రం మూడు నుండి ఐదు రోజులకు మించి వాడకూడదు. వాటి ప్రభావం తగ్గగానే దిబ్బడ మరింత పెరిగి, మళ్లీ అవే కావాలనిపిస్తాయి. కంటి చుట్టూ వాపు, ఒకటి రెండుగా కనిపించడం, తీవ్రమైన తలనొప్పితో జ్వరం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఒకవైపు ముక్కు మాత్రమే మూసుకుపోయి రక్తం వస్తున్నా త్వరగా చూపించాలి.

జవాబు (ఫార్మసిస్టు, నర్సంపేట):
స్ప్రే కొట్టే పద్ధతి చాలామందికి తెలియదు. తల కొంచెం ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో, మొన చెవి వైపు ఉండేలా కొట్టాలి. నడిమి గోడకు తగిలితే రక్తం వస్తుంది. గట్టిగా పీల్చితే మందంతా గొంతులోకి పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. కడగడానికి నల్లా నీళ్లు వాడవచ్చా?

జవాబు (ఈఎన్‌టీ వైద్యుడు, కరీంనగర్):
నల్లా నీళ్లైనా, బోరు నీళ్లైనా, క్యాను నీళ్లైనా మరిగించి గోరువెచ్చగా చల్లార్చినవే వాడాలి. పచ్చినీటిలోని కొన్ని అమీబాలు ముక్కు ద్వారా మెదడుకు చేరే ప్రమాదం, అరుదే అయినా, ఉంది. గ్లాసు నీటికి అర టీస్పూను ఉప్పు, చిటికెడు వంటసోడా చాలు. కడిగే సీసాను ప్రతిసారీ శుభ్రం చేసి ఆరబెట్టండి.