అప్‌డేట్: హార్డ్ డిస్క్‌ను ఫోన్ గుర్తించింది, అమ్మ వాయిస్ మెసేజ్‌లు భద్రం

ఓటీజీ కేబుల్‌తో (ఫోన్‌కు యూఎస్‌బీ పరికరాలు కలిపే వైరు) హార్డ్ డిస్క్ పెడితే నా ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకోవట్లేదని, అమ్మ వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లు ఎలా దాచుకోవాలని అడిగాను కదా. పని అయింది. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

మీరన్నట్టే డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో (డిస్క్‌లో ఫైళ్లను అమర్చే ఒక ఫార్మాట్) ఉంది. చాలా ఫోన్లు దాన్ని చదవలేవట. అందులోని పాత ఫైళ్లన్నీ ముందు ల్యాప్‌టాప్‌లోకి మార్చుకుని, ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫార్మాట్‌లోకి మార్చాను. ఫ్యాట్32 అనే ఫార్మాట్ ఎందుకు వాడలేదంటే, అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, చెల్లి పెళ్లి వీడియో అంతకంటే పెద్దది. ఈసారి పెట్టగానే డిస్క్ కనిపించింది.

ఫొటోలు డీసీఐఎం (కెమెరా ఫొటోలుండే) ఫోల్డర్‌తో వచ్చేశాయి. అమ్మ గొంతు ఉండేది వేరే చోట. ఫైల్ మేనేజర్‌లో ఆండ్రాయిడ్, మీడియా, కామ్.వాట్సాప్, వాట్సాప్, మీడియా... ఇలా వరుసగా తెరుచుకుంటూ వెళ్తే వాయిస్ నోట్స్ దొరికాయి. లోపల వారానికో ఫోల్డర్. ఫైళ్లకు మనుషుల పేర్లుండవు, తేదీ, నంబరు మాత్రమే. అందుకే ఏరకుండా మొత్తం కాపీ చేశాను (కట్ అస్సలు చేయకండి). ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో పెడితే "తిన్నావా నాన్నా" అని స్పష్టంగా వినిపించింది. ఎంత టెన్షన్ తీరిందో చెప్పలేను.

చాట్‌లోని మాటల కోసం వాట్సాప్‌లోనే ఎక్స్‌పోర్ట్ చాట్ అనే ఆప్షన్ వాడాను. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి తమ్ముడికి ఇస్తున్నాను.