ట్యాంక్‌బండ్ కవుల వరుసలో కొత్త విగ్రహాలు చేర్చాలా?

కృష్ణాతీరం:
ఎన్టీఆర్ హయాంలో హుస్సేన్‌సాగర్ గట్టు మీద పెట్టిన విగ్రహాల వరుసలో తెలంగాణ కవులు కాళోజీకి, దాశరథికి చోటివ్వాలని మొన్న ఇక్కడ ఒకరు రాశారు. ఆ వరుస జోలికి పోవద్దనే నేనంటాను. నన్నయ, పోతన, మొల్ల, వేమన, జాషువా, శ్రీశ్రీ, మఖ్దూం... ప్రాంతాల లెక్క చూసి కట్టిన వరుస కాదది.

ఓరుగల్లు77:
లెక్క చూడలేదా? మరి మా తెలంగాణ కవి పాల్కురికి సోమన ఏడి? ద్విపదల బసవపురాణం రాసినోడు!

దిమ్మెరాయి:
చాలామంది అవి రాతి విగ్రహాలనుకుంటారు. అవి కంచువి. కింది దిమ్మెలే రాయి.

కృష్ణాతీరం:
కాళోజీ 2002లో పోయారు. ఆ వరుస పెట్టేనాటికి బతికే ఉన్న మనిషికి విగ్రహం ఎలా పెడతారు?

ఓరుగల్లు77:
నేనడిగింది సోమన గురించి. 13వ శతాబ్దపు మనిషి. జవాబు చెప్పున్రి.

కృష్ణాతీరం:
2011 మార్చి 10, తెలంగాణ కోసం మిలియన్ మార్చ్ జరిగిన రోజు. జాషువా విగ్రహాన్ని పడగొట్టిన సంగతి టీవీలో చూసి మా నాన్న కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు. జాషువా కావ్యం గబ్బిలం నాన్నకు కంఠతా వచ్చు. అంటరానితనం మీద జీవితమంతా పద్యంతో పోరాడిన కవిని ఏ ప్రాంతం పద్దులో కొట్టారు?

మూసీఒడ్డు:
మళ్లీ పెట్టారు కదా, వదిలేయండి.

కృష్ణాతీరం:
విగ్రహం పెట్టారు. మా నాన్న మళ్లీ ఆ గట్టు మీదికి రాలేదు.

ఓరుగల్లు77:
జాషువాను పడగొట్టుడు తప్పే. ఎన్నడూ కాదనలె. కానీ నాది కూడ వినున్రి. ఇంటర్ల తెలుగు సారు నన్ను నిలబెట్టి, "పోయిండు కాదు, వెళ్లాడు అను" అని మూడుసార్లు అనిపించిండు. క్లాసంత నవ్వింది. ఆ రెండేండ్లు మళ్ల క్లాసుల నోరు తెరవలె. కాళోజీ మా యాసల ధైర్యంగ రాసిండు. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9 ఇయ్యాల తెలంగాణ భాషా దినోత్సవం. మా అవ్వ మాట కూడ తెలుగేనని ఆ గట్టు మీద కనబడాలె. గంతే.

దిమ్మెరాయి:
కంచు అని ఒక్కరూ ఒప్పుకోలేదు.

కృష్ణాతీరం:
ఆ సారు చేసింది అన్యాయం. మీ యాస మీద నాకు పేచీ లేదు. ఒకసారి చేర్చడం మొదలైతే, తీసేయడమూ మొదలవుతుందనే నా భయం.

ఓరుగల్లు77:
తీయమని నేననలె. పక్కన జాగ అడిగిన. శ్రీశ్రీ పక్కన కాళోజీ నిలబడితే శ్రీశ్రీకి ఏం తక్కువైతది?

కృష్ణాతీరం:
శ్రీశ్రీ సంగతి కాదు. రేపు ఇంకో ప్రభుత్వం వచ్చి జాగా చాలదంటే, ముందు జాషువానే లేపుతారు.